రంగు పడితే ఫిట్‌నెస్సే!

మే 15తో బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు సరి. జూన్‌లో బడిగంట. ఈలోగా వేసవంతా వేపచెట్టు కింద పడుకున్న బండికి కొన్ని యాజమాన్యాలు చేయించే వైద్యం చూసి తీరాలి. బ్యాటరీ చచ్చింది, డీజిల్ లైనులో గాలి పట్టింది, బ్రేకు తొక్కితే కాలు అడుగుదాకా దిగుతోంది. అయినా ముందు కబురు వెళ్లేది మెకానిక్‌కి కాదు, పెయింటర్‌కి! మంచి టైర్లు పక్క బస్సువి, మంటలార్పే సిలిండర్ పక్క బడిది. పరీక్ష కాగానే ఎవరివి వాళ్లకి. ప్రథమ చికిత్స పెట్టెలో దూదికి బదులు డ్రైవరు గారి బీడీకట్ట. పైన పటారం, లోన లొటారం! నలుగురూ తోస్తే గానీ స్టార్టవని బండి, ‘భేషుగ్గా ఉంది’ అన్న కాగితంతో తిరిగొస్తుంది. ఏ తోపుడూ అక్కర్లేకుండా ఏటా ఎత్తెక్కేది మాత్రం బస్సు ఫీజొక్కటే.