పామర్రు సెంటర్లో ఆయిల్ కూలర్

ఇంజన్ ఆయిల్‌ను చల్లబరచడానికి పెట్టే చిన్న రేడియేటర్ పేరు ఆయిల్ కూలర్. స్పోర్ట్స్ కారును రేసు ట్రాక్ మీద తిప్పేవాళ్ళు దీన్ని ముందు బంపర్ వెనక బిగిస్తారు. దీనితోపాటు మామూలుకంటే మందమైన రేడియేటర్, బ్రేక్ డిస్కుల మీదికి గాలి తెచ్చే గొట్టాలు, వేడి పోవడానికి బానెట్‌కు కోసిన కంతలు, 300 డిగ్రీలు దాటితే గానీ మరగని బ్రేక్ ఆయిల్ కూడా ఉంటాయి. ఈ సరంజామా అంతా కలిపితే ట్రాక్ కూలింగ్. దీన్ని బిగించుకున్న కార్లు మన వైపు ట్రాక్ మీద కన్నా కల్యాణ మండపాల ముందే ఎక్కువగా కనిపిస్తాయి.

ఇందుకు యజమానులను తప్పుపట్టడానికి లేదు. దేశంలో పాత, పేరున్న ట్రాకులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒకటి, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఒకటి, 2011లో ఫార్ములా వన్ పోటీతో తెరుచుకున్న గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ ఒకటి. కృష్ణా జిల్లా పామర్రు నుంచి వీటిలో దగ్గరిదైన చెన్నై ట్రాక్ చేరాలన్నా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ట్రాక్ కాని రోడ్డు మీదే పోవాలి. హైదరాబాద్ ఒకసారి ఈ బాధ తీర్చబోయింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. ముందురోజు మామూలు బండ్లు ట్రాక్ మీదికి వచ్చేయడంతో ప్రాక్టీస్ ఆలస్యమైంది. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. ఆ తర్వాత మిగిలింది విజయవాడ నుంచి పామర్రు మీదుగా మచిలీపట్నం పోయే బందరు రోడ్డే.

ట్రాక్ కూలింగ్ పనిచేసేది గాలితో. కారు ముందుకు దూసుకుపోతుంటే ఎదురుగాలి కూలర్ రెక్కల సందుల్లోంచి దూరి వేడిని పట్టుకుపోతుంది. ఈ గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో ఉండే ఒత్తిడి 20 కిలోమీటర్ల వేగంలో నూరో వంతుకు పడిపోతుంది. విజయవాడలో బెంజి సర్కిల్ దాటి, పటమట, కానూరు, పోరంకి మీదుగా సాయంత్రం పూట కంకిపాడు చేరే కారుకు దక్కేది ఈ నూరో వంతు. కూలర్‌కు సొంత ఫ్యాన్ ఉండదు. ఉంటే బరువు పెరుగుతుందని రేసువాళ్ళు పెట్టరు. రోడ్డు మీద ఆ ఫ్యాన్ లేనందుకు తగ్గిన బరువును ముందు సీటులో కూర్చున్న బావమరిది భర్తీ చేస్తాడు.

గాలి తక్కువైతే ప్రమాదం కదా అంటే, వేడి కూడా తక్కువే. ట్రాక్ మీద 300 హార్స్‌పవర్ ఇంజన్ చాలాసేపు పూర్తి బలంతో నడుస్తుంది. అదే కారు ఉయ్యూరు దాటాక 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోవడానికి 15 హార్స్‌పవర్ అటూ ఇటూగా చాలు. మిగిలిన 285 పామర్రు సెంటర్లో, బందరు పోయే 65వ నంబరు జాతీయ రహదారి నుంచి గుడివాడ, భీమవరం వైపు పోయే 165వ నంబరు చీలే చోట, సైలెన్సర్ మోతగా వినియోగమవుతాయి.

బ్రేకుల లెక్క ఇంకా తేటగా ఉంటుంది. టన్నున్నర బరువున్న కారు ట్రాక్ మలుపు ముందు 200 నుంచి 80కి తగ్గితే, ఆ ఒక్క తొక్కుడుకు బ్రేకుల్లో పుట్టే వేడి ఆరున్నర లీటర్ల నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. అలాంటి తొక్కుళ్ళు ప్రతి చుట్టులోనూ ఉంటాయి కనుక డిస్కులు ఎర్రబడతాయి, గాలి గొట్టాలు తప్పనిసరి అవుతాయి. అదే కారు గేదె అడ్డొచ్చి 40 నుంచి సున్నాకు వస్తే పుట్టే వేడికి మరిగేది మూడు వందల మిల్లీలీటర్లు. పామర్రు బస్టాండు దగ్గర ఇద్దరు ముగ్గురికి టీ. ఈ టీ నీళ్ళను చల్లార్చడానికే గొట్టాలకు, వాటి నోళ్ళకు, కార్బన్ ఫైబర్ తొడుగులకు కలిపి ఒక మంచి గేదె ఖరీదు పెడతారు.

గొట్టానికి గాలి, చెత్త అనే తేడా తెలియదు. ట్రాక్‌ను ఊడ్చి ఉంచుతారు. కృష్ణా డెల్టా రోడ్డు మరో పద్ధతిలో నడుస్తుంది. వరి మాగాణుల్లో వేసిన మినుము చేతికొచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పల్లె రోడ్ల మీద మినుము పరుస్తారు. వచ్చే పోయే బండ్ల చక్రాలే నూర్పిడి చేస్తాయి. కోతల కాలంలో ధాన్యం ఆరబోస్తారు. నేలకు జానెడు ఎత్తు కూడా లేని బంపర్‌తో వచ్చే కారు ఇక్కడ నూర్పిడి యంత్రంగా మంచి పని చేస్తుంది, పొట్టును మాత్రం తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆయిల్ కూలర్ రెక్కల మధ్య సందు మిల్లీమీటర్లలో ఉంటుంది. అందులో పొట్టు చేరి, దానిమీద దుమ్ము పడి, కైకలూరు వైపు నుంచి వచ్చే చేపల లారీ కార్చిన ఐసు నీళ్ళతో తడిస్తే అది గట్టిగా పూతలా పట్టుకుంటుంది. బ్రేక్ గొట్టాలూ ఆ నీళ్ళనే తాగుతాయి. వాసన మూడు రోజులుంటుంది.

అన్నీ సవ్యంగా పనిచేస్తే వచ్చే చిక్కు వేరు. ఇంజన్ ఆయిల్ వేడి వంద డిగ్రీల దగ్గర్లో ఉండాలి. చల్లటి ఇంజన్‌లో ఆయిల్‌లోకి కాస్త తేమ, కాస్త పెట్రోలు దిగుతాయి; ఆయిల్ బాగా కాగితేనే అవి ఆవిరై పోతాయి. సంక్రాంతి ఉదయం మంచులో ఊళ్ళోంచి కోడిపందేల బరి దాకా నాలుగైదు కిలోమీటర్లు నడిచి ఆగిపోయే కారులో ఆయిల్ ఎప్పుడూ ఆ వేడికి చేరదు. పెద్ద కూలర్ ఉంటే మరీ చేరదు. కొన్నాళ్ళకు ఆయిల్ మూత విప్పితే లోపల మీగడ రంగు జిడ్డు కనిపిస్తుంది. దీనికి విరుగుడు ఉంది. ఆయిల్ కాగేదాకా కూలర్ దారి మూసి ఉంచే థర్మోస్టాట్ ప్లేటు దొరుకుతుంది, ధర కూడా ఎక్కువ కాదు. కానీ అది బయటికి కనిపించదు. అందుకని చాలామంది కొనరు. చివరికి అనుభవం ఉన్న మెకానిక్ ఎవరైనా కూలర్‌కు అడ్డంగా అట్టముక్క కట్టి సమస్య తీరుస్తాడు. చలి దేశాల లారీ డ్రైవర్లు రేడియేటర్‌కు చేసేదీ ఇదే కనుక వైద్యం శాస్త్రీయమే.

రేసు బ్రేక్ ప్యాడ్ల గుణం కూడా చెప్పుకోవాలి. అవి వేడెక్కితే గానీ గట్టిగా పట్టవు. చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాయి, డిస్కును అరగదీస్తాయి. గాలి గొట్టాలు వాటిని వేడెక్కనివ్వవు. అంటే ఒక వస్తువుకు వేడి కావాలి, రెండోది ఆ వేడిని తీసేస్తుంది, రెండూ ఒకే బిల్లు మీద వచ్చాయి. రోడ్డు దాటే గేదెకు మాత్రం మొదటి తొక్కుడే ముఖ్యం. రేసు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ మరిగే వేడి పడిపోతుంది. రేసువాళ్ళు దాన్ని తరచుగా మార్చేస్తారు. సముద్రం అంత దగ్గరగా ఉన్న కృష్ణా డెల్టాలో తేమకు కరువు లేదు. కూలెంట్ సంగతీ అంతే. ఒలికితే ట్రాక్ జారుతుందని చాలాచోట్ల గ్లైకాల్ కలిపిన కూలెంట్‌ను ఒప్పుకోరు, తుప్పు మందు కలిపిన నీళ్ళు పోస్తారు. దాన్ని విని ఇక్కడ ఉత్త నీళ్ళు, అవీ బందరు వైపు ఉప్పుబోరు నీళ్ళు, పోయిస్తే రేడియేటర్ లోపల తుప్పూ పొలుసూ కడతాయి.

మే నెల ట్రాఫిక్‌లో ఈ సరంజామా స్వభావం పూర్తిగా బయటపడుతుంది. ఆయిల్ కూలర్ ఏసీ కండెన్సర్‌కు ముందు, కండెన్సర్ రేడియేటర్‌కు ముందు ఉంటాయి. కారు ఆగినప్పుడు ఉన్న ఒక్క ఫ్యాన్ ఈ మూడు పొరల్లోంచి గాలి లాగాలి. మొదటి పొర వేడి రెండోదానికి, రెండోదాని వేడి మూడోదానికి అందుతుంది. ముందుగా ఏసీ చేతులెత్తేస్తుంది. లోపల మూడు కూలర్ల యజమాని తువ్వాలుతో విసురుకుంటుంటే, పక్కనే ఇరవై టన్నుల ధాన్యంతో ఆగిన లారీ నింపాదిగా ఉంటుంది. దాని రేడియేటర్ వెనక ఇంజన్ తిప్పే పెద్ద ఫ్యాన్ ఉంది. బండి కదిలినా కదలకపోయినా అది తిరుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఈ సంగతి తెలియని కుర్రాడు ఉండడు. స్పోర్ట్స్ కారుకైనా రోడ్డు మీద నిజంగా పనికొచ్చేవి బలమైన ఫ్యాన్, శుభ్రంగా కడిగిన రేడియేటర్, వేళకు మార్చిన కూలెంట్. వీటికి స్టిక్కర్లు రావు.

చట్టం వైపు నుంచి కూడా కొంత చిక్కుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, కంపెనీ నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బంపర్ వెనక దాగిన కూలర్‌ను తనిఖీలో ఎవరూ వంగి చూడరు. బానెట్ కంతలు, సైలెన్సర్ కంటికీ చెవికీ దొరికిపోతాయి. పన్ను తక్కువని వేయించుకున్న పుదుచ్చేరి నంబరు ప్లేటు ఉంటే సంభాషణ మరికాస్త పొడుగవుతుంది.

ఏడాది రెండేళ్ళకు స్పీడ్ బ్రేకర్ కూలర్ గొట్టాన్ని తెంపుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున పది సెంటీమీటర్ల ఎత్తుకు నెమ్మదిగా లేవాలి. ఊళ్ళలో వేసేవాళ్ళు ఎత్తు దగ్గర ఉదారంగా, వెడల్పు దగ్గర పొదుపుగా ఉంటారు. రోడ్డంతా ఆయిల్ కారాక సరంజామా విప్పి అమ్మకానికి పెడతారు. ప్రకటనలో 'ట్రాక్ మీదికి ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు' అని రాస్తే ధర కాస్త ఎక్కువే పలుకుతుంది.