బంకు ముందు అందరికీ ఒకటే ధర

మా రోజుల్లో స్కూటరు దొరకడమే గగనం. చేతక్‌కు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లు మా వీధిలోనే ఉండేవి. మన హైదరాబాదులోనే తయారైన ఆల్విన్ పుష్పక్ వచ్చాక కొందరికి ఆ ఎదురుచూపు తప్పింది. కానీ బండంటూ ఇంటికొచ్చాక పెట్రోలు కోసం వెతుక్కునే పని లేదు. బంకుకు వెళ్లి, మీటరు సున్నాకు తెచ్చాడో లేదో చూసుకుని, ఆయిలు కలిపించుకుని, జేబులో ఎంతుంటే అంతకు పోయించుకునేవాళ్లం. కలెక్టరుగారి కారుకైనా పాలబ్బాయి లూనాకైనా లీటరు ధర ఒక్కటే. 1990లో గల్ఫ్ గొడవప్పుడు బంకుల ముందు బారులు తీరాం, నిజమే. ఆ వరుసలో అందరం నిలబడ్డాం.

ఇప్పుడు తారుమారైంది. కరెంటు బండి కొనడం తేలిక, దానికి ఛార్జింగు దొరకడమే కష్టం. అది కూడా లేనివాడికే.

కొనేవాళ్లకు ప్రభుత్వాలు తక్కువేం చేయలేదు. 2019లో జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దించారు. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి రోడ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేశారు. 2020 పాలసీలో ఇన్ని బండ్లకే అని పెట్టిన పరిమితి కూడా తీసేశారు. 2026 డిసెంబరు 31 దాకా ఈ మినహాయింపు. మంచి పనే. కానీ ఎవరికెంత అందుతోందో చూడండి. పాతిక లక్షల కారుకు నాలుగున్నర లక్షలకు తక్కువ కాకుండా మిగులుతాయి. లక్ష రూపాయల స్కూటరు మీద తిరిగి పొట్టపోసుకునే కుర్రాడికి మిగిలేది పన్నెండు వేలు. అతనికి అక్కరకొచ్చే కేంద్ర సబ్సిడీ మాత్రం తరుగుతూ పోయింది. బ్యాటరీ కిలోవాట్ అవర్‌కు 2021లో 15 వేలు ఇచ్చేవారు, 2023 జూన్ నుంచి 10 వేలు, 2024లో 5 వేలు, మరుసటి ఏడు 2,500.

మా పక్క బిల్డింగులో రెండో అంతస్తులో అద్దెకుండే అబ్బాయి ఫుడ్ డెలివరీ చేస్తాడు. బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వేలాడేసి, వానొస్తే ప్లగ్గుకు పాలిథిన్ కవరు చుట్టి రాత్రంతా ఛార్జింగు పెట్టుకునేవాడు. ఓనరు చూసి పీకించేశాడు. "సెల్లార్‌లో పాయింటు ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను అంకుల్, అయినా ఒప్పుకోలేదు" అని చెప్పాడు. ఇంట్లో ఉన్న కనెక్షనుతోనే బండికి ఛార్జింగు పెట్టుకోవచ్చని 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. ఓనరు వద్దన్నాక ఆ కాగితం అతనికి దేనికి పనికొచ్చింది?

ఇక మిగిలింది రోడ్డు మీది ఛార్జరు. అక్కడ యూనిట్ ఇరవై రూపాయలకు అటూఇటూ, దానిమీద 18 శాతం జీఎస్టీ. సొంత గరాజు ఉన్నవాడు ఇంటి రేటుకే పెట్టుకుంటాడు, ఆ కరెంటుకు జీఎస్టీ లేదు.

నెలకు 200 యూనిట్ల లోపు వాడి, గృహజ్యోతి కింద జీరో బిల్లు అందుకునే ఇళ్ల సంగతి మరీ అన్యాయం. నెలకు 170 యూనిట్లు కాలే ఇంట్లోకి స్కూటరు వచ్చిందనుకోండి. రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగితే నెలకు మరో 35 యూనిట్లు. మొత్తం 205. రెండు వందలు దాటింది కాబట్టి అయిదు యూనిట్లకు కాదు, మొత్తానికీ కట్టాలి. వెయ్యి రూపాయల పైమాటే. పెట్రోలు మానేసి మిగుల్చుకున్నదాంట్లో సగం అక్కడే పోయింది.

హైవేల మీద ప్రతి 25 కిలోమీటర్లకు రెండు వైపులా స్టేషను ఉండాలని ఆ 2022 మార్గదర్శకాలే చెప్పాయి. మా వాడి కారులో విజయవాడ వెళ్తూ సూర్యాపేట దగ్గర ఆగాం. రెండు గన్నులు ఉన్నాయి, ఒకటి పనిచేయదు. యాప్‌లో మాత్రం రెండూ బాగున్నాయనే చూపిస్తోంది. ఉన్న ఒక్కదానికీ ముందు మరో కారు. మా వంతు వచ్చాక కొత్త యాప్, ఓటీపీ, వ్యాలెట్‌లో ముందే డబ్బు. మిగిలిన డబ్బు ఇంకా అందులోనే ఉంది. అడగడానికి అక్కడ మనిషి లేడు, ధర రాసిన బోర్డు లేదు. మా రోజుల్లో ధర చెప్పకుండా చుక్క పెట్రోలు పోసిన బంకు ఒక్కటీ లేదు.

నేను ఈ బండ్లకు వ్యతిరేకిని కాను. 2019లో ఆర్టీసీ హైదరాబాదులో ఎలక్ట్రిక్ బస్సులు దించినప్పుడు ఎక్కి చూశాను. పొగ లేదు, మోత లేదు. మనుమలు పీల్చే గాలి బాగుపడాలంటే అవే రావాలి. పెట్రోలు లీటరు 2021లోనే నూరు దాటింది, దానికి మళ్లీ పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు.

అందుకే ప్రభుత్వానికి ఒకటే మనవి. ట్యాక్సు మినహాయింపు గడువు ముగిసేలోగా దాన్ని ఖరీదైన కార్లకు తగ్గించండి. మిగిలిన ఆ డబ్బుతో అద్దె ఇళ్ల సెల్లార్లలో ప్లగ్గు పాయింట్లు పెట్టించండి, కాదనే హక్కు ఓనరుకు లేకుండా చేయండి. స్కూటరు తాగిన యూనిట్లను గృహజ్యోతి లెక్కలో కలపకండి. ప్రతి ఛార్జరు దగ్గరా యూనిట్ ధర పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి.