ఒకసారి పైకెళ్లి చూద్దామండీ

మా గోదావరి జిల్లాల్లో ఎవరూ ఎవరినీ ఒత్తిడి చెయ్యరండి. మొహమాట పెడతారు, అంతే. వద్దన్నా విస్తట్లో రెండో పూతరేకు పడుతుంది, తినకపోతే ఇంటావిడ మొహం చిన్నబోతుంది. ఈ మర్యాదే నాయకుల కోసం కాలేజీ గ్రౌండులో సున్నంతో గీసిన హెలిప్యాడ్ దాకా వచ్చేసింది.

పొద్దున్నే పైలట్ ఆకాశంకేసి చూసి, "మంచు దట్టంగా ఉందండి, కాసేపు ఆగాలి" అంటాడు. గదమాయించేవాడు ఒక్కడూ ఉండడు. పీఏ గారు వాచీ చూసుకుంటారు. ప్రోటోకాల్ చూసే తహసీల్దారు గొంతు సవరించుకుంటారు. దండలు పట్టుకున్నవాళ్లు, తాళిబొట్టు మర్చిపోయి వచ్చిన పురోహితుణ్ణి చూసినట్టు చూస్తారు. ఆఖరికి ఓ పెద్దమనిషి ఎంతో ప్రేమగా, "పోనీ ఒకసారి పైకెళ్లి చూద్దామండీ, బాగోకపోతే దిగిపోవచ్చు" అంటాడు. పైకెళ్లడమనే మాటకి తెలుగులో ఇంకో అర్థం ఉందని ఆయనకి ఆ క్షణాన గుర్తురాదు.

కాగితం మీద పైలట్టే రాజు. ఎగరనని చెప్పే హక్కు పూర్తిగా ఆయనదే. కాకపోతే ఆ రాజుగారికి నెల జీతం ఉంటుంది, కంపెనీకి కాంట్రాక్టు ఉంటుంది, పైన "మొన్నొచ్చినాయనైతే ఇంతకన్నా మంచులో తీసుకెళ్లిపోయాడండి" అనే పోలిక ఉంటుంది. మొన్నటాయన అదృష్టం ఇవాళ్టాయనకి డ్యూటీ అయిపోతుంది.

మా డెల్టా మంచు సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. కొల్లేరు చుట్టూ నేలకన్నా నీళ్లే ఎక్కువ, చెరువు పక్కన చెరువు. మంచు కమ్మితే గట్టేదో నీళ్లేవో పైనుంచి తేడా తెలియదు. కళ్లతో దారి వెతుక్కునే చిన్న హెలికాప్టర్‌కి కళ్లు పోయాక మిగిలేది చెవి. ఆ లోపలి చెవేమో, పక్కకి ఒరిగిపోతున్నా నిటారుగానే ఉన్నామని నమ్మిస్తుంది.

2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు పొద్దున్నే భీమవరంలో బెల్ 206 ఎక్కి హైదరాబాద్ బయల్దేరారు. దారి సరిగా కనిపించక, కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో నేలనుకుని దించబోతే అది చేపల చెరువు. మళ్లీ లేపబోతే రెక్క కొబ్బరిచెట్టుకి తగిలింది. కోనసీమ బిడ్డని కొబ్బరిచెట్టు దగ్గరే పోగొట్టుకున్నాం. ఆయనతోపాటు పైలట్, భద్రతాధికారి కూడా పోయారు. ఏడేళ్లకి, 2009 సెప్టెంబర్ 2న, రచ్చబండ కార్యక్రమానికి బయల్దేరిన ముఖ్యమంత్రి వైఎస్ గారి బెల్ 430 వానమబ్బుల్లో నల్లమల కొండమీద కూలింది. అయిదుగురు పోయారు. ఆ రెండుసార్లూ ఎవరో పైలట్‌ని బలవంతపెట్టారని నేననడం లేదు. "ఇవాళ వద్దులెండి" అనే మాట మన హెలిప్యాడ్‌ల మీద ఎంత సులువుగా నోటికొస్తుందో అడుగుతున్నానంతే.

పోలండ్ వాళ్లు ఈ విద్యలో మనకన్నా రెండాకులు ఎక్కువే చదివారు. 2008లో వాళ్ల అధ్యక్షుడు జార్జియా రాజధానిలో దింపమంటే, అక్కడ యుద్ధం నడుస్తోందని పైలట్ ఒప్పుకోక పక్కదేశంలో దింపాడు. పిరికివాడన్నారు. తరవాత పతకమూ ఇచ్చారు, అది వేరే సంగతి. 2010 ఏప్రిల్ 10న అదే అధ్యక్షుడు ఎక్కిన విమానం స్మొలెన్స్క్ మంచులోకి దిగబోయింది. 96 మంది పోయారు.

పెద్దవాళ్లనే అనడం దేనికి? శీతాకాలం మధురపూడి ఎయిర్‌పోర్టులో విమానం మంచుకి దిగలేక వెనక్కెళ్లిపోతే మనమేమంటాం? "బస్సొచ్చింది కదండీ, దీనికేం రోగం?" ఆ బస్సు డ్రైవరు కొవ్వూరు దగ్గర మంచుకి అరగంట ఆపి నిద్రపోయాడని చెప్పం.

కాబట్టి నాదో మనవి. వాతావరణ శాఖని తీసుకెళ్లి ప్రోటోకాల్ విభాగంలో కలిపెయ్యండి. మంచుకి ముందురోజే టూర్ ప్రోగ్రాం కాపీ పంపండి. అప్పటికీ రోడ్డుకడ్డంగా నిలబడితే పైలట్ కారుని ముందు పంపండి, అదెలాగూ సైరన్ వేసుకుని అందర్నీ పక్కకి నెడుతుంది. పైలట్ అన్న పేరుకి మనకి తెలిసిన పని అదే కదా.

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటుమీద ఈ మొహమాటం లేదు. వరదొస్తే పంటు రేవులో కట్టేస్తారు. కారున్నాయనా సైకిలున్నాయనా ఒకే గట్టుమీద నిలబడి, చించినాడ వంతెన చుట్టుతిరిగి ఎంత దూరమో లెక్కేసుకుంటారు. గోదారి అంతా ఇంత బుద్ధిగా ఉందని కాదు. 2019 సెప్టెంబర్ 15న, అయిదు లక్షల క్యూసెక్కుల పైన వరద పారుతుంటే పాపికొండలకి పడవ కదిలింది, కచ్చులూరు దగ్గర మునిగింది. టికెట్లు కోసేశాక వాపసివ్వడం మొహమాటమే మరి.

హెలిప్యాడ్ దగ్గర ఇంకా వాచీలు చూసుకుంటున్నారు. మా మంచు ఎంత మొండిదైనా ఎండెక్కితే నిలవదు. గ్రౌండు గేటు పక్కనే టీ బడ్డీ ఉంది. పీఏ గారూ, మహా అయితే రెండు టీలండి. డబ్బులు నేనిస్తాను.