మునుఁగు బాటసారి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

కొలంబియా దేశపు ఉత్తరపు అంచున, కరీబియన్ ఒడ్డున శాంతా మార్తా అనే పాత పట్నం ఉంది. అక్కడ చిన్న బస్సెక్కితే అది ఎండుకొండ మీదికి పాకి, బ్రహ్మజెముడు పొదల పక్కన మలుపులు తిరిగి, పావుగంటలో తగాంగ అనే బెస్తపల్లెలో దింపుతుంది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు నీళ్ళు. ఎదురుగా అంత సముద్రాన్ని పెట్టుకుని తాగునీటికి ట్యాంకరు కోసం చూసే ఊరు. ఈ బాధ మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఊళ్ళో ఇప్పుడు రెండు తెగల వాళ్ళు కనిపిస్తారు. వల లాగేవారు, వీపున సంచీ తగిలించుకుని దేశాలు తిరిగేవారు. ఈ రెండో తెగను లోకం బ్యాక్‌ప్యాకర్లు అంటుంది. ఆఫీసు వేళలూ పెద్దల మాటలూ పరీక్షలూ గిట్టక ఇల్లు వదిలినవాళ్ళు వీరు. అలాంటివాళ్ళను ఈ ఊళ్ళో బెంచీ మీద కూర్చోబెట్టి పరీక్ష రాయిస్తారు. కరీబియన్‌లో చవకగా స్కూబా, అంటే గాలి సిలిండరు తగిలించుకుని మునగడం, నేర్పే చోట్లంటే హోండురాస్‌లోని ఉతీలా ద్వీపంతో పాటు తగాంగ పేరూ వినపడుతుంది మరి. అలా నేర్చుకోవచ్చిన ఒకానొకణ్ణి ఉద్దేశించిన ముక్తకం ఇది. కర్త ఎవరో తెలియదు. టీకాకారుడే పద్యమూ అల్లి టీకా రాసుకున్నాడని గిట్టనివాళ్ళు అంటారు. వాళ్ళ నోరు మనం మూయలేం.

వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. మెదకు సీమ మనిషి, మాట మీద నిలబడ్డాడు. ఈ టీకకు ఆ ఒట్టు వర్తించదు.

మూలం

వీపు మూట దించి వెలయిచ్చి వేడుకన్
నడుముఁ జుట్టు సీస నగలు దాల్చి
నోటఁ గొట్టముంచి నోరారఁ బీల్చుచు
మునుఁగు బాటసారి! మూయకూర్పు.

టీక

వీపు మూట దించి: మూట అంటే సంచీ. అందులో రెండు బనీన్లు, ఆరని తువ్వాలు, దోమతెర, ఎవరూ ముగించని ఒక లావు పుస్తకం. తక్కువ మోయడమే వీరికి ఘనత. ఒకరి సంచీ ఒకరు ఎత్తి చూసి కిలోలు అంచనా కట్టడం వీరి కుశలప్రశ్న. ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. దించిన వీపు మీదికే వెంటనే మరొకటి ఎక్కిస్తున్నారు గదా, ‘దించి’ అనడం ఎట్లా కుదురుతుంది? ఉత్త అల్యూమినియం సిలిండరే 14 కిలోలు. అందులో 200 బార్ల ఒత్తిడితో కుక్కిన గాలి ఇంకో రెండున్నర కిలోలు. గాలికి తూకం ఉంటుందని బళ్ళో చదువుకున్నా, నడుం వంగితే గాని నమ్మకం కుదరదు. దీనికి సమాధానం: కవి మూట దించాడన్నాడే గాని వీపు ఖాళీ అయిందని ఎక్కడా అనలేదు. పైగా ఆ బరువు పడవ అంచు దాకానే. అంచున కూర్చుని వెనక్కి దొర్లాక మోసేది సముద్రం.

వెలయిచ్చి వేడుకన్: వరస గమనించాలి. ముందు వెల, తరవాత వేడుక. తగాంగలో ఏ దుకాణంలోనూ ఈ వరస తారుమారు కాదు.

నడుముఁ జుట్టు సీస నగలు దాల్చి: ‘సీసపు నగలు’ అనవలసింది, ‘సీస నగలు’ వైరిసమాసం అని పండితులు ముక్కు విరుస్తారు. విరవనిద్దాం. అసలు సన్నివేశమే వైరిసమాసం. తేలిగ్గా తిరగడం వ్రతంగా పట్టినవాడు, దుకాణం గుమ్మంలో నిలబడి ‘ఇంకో రెండు దిమ్మలు ఇవ్వండి’ అని సీసం అడుగుతున్నాడు.

ఎందుకు అడగాలి? మనిషి ఒళ్ళు ఉప్పునీళ్ళలో తేలుతుంది. దాని మీద తొడిగే రబ్బరు చొక్కా నిండా సన్నని బుడగలే, కాబట్టి అది ఇంకా తేలుతుంది. లోపలి గాలి ఖర్చయిన కొద్దీ సిలిండరూ తేలికై చివర్లో అదీ పైకే లాగుతుంది. ఈ మూడింటి పొగరూ అణచడానికి సీసం. దిమ్మలెన్ని అన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాణిజ్య పవనాలు ఈ కొండల మీంచి విరుచుకుపడతాయి. ఆ గాలికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు బ్రిసా లోకా, అంటే పిచ్చిగాలి. అది పైనీటిని తీరం నుంచి తోసేస్తే ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లనీళ్ళు ఉబికి వస్తాయి. వానకాలంలో 28 డిగ్రీలున్న నీరు 21 దగ్గరికి దిగుతుంది. కరీబియన్ అంటే గోరువెచ్చని నీలం అని పోస్టరు చూసి వచ్చినవాడు పళ్ళు టకటక కొట్టుకుంటుంటే మందపాటి చొక్కా కావాలంటాడు. చొక్కా మందమైతే తేలడం పెరుగుతుంది, తేలడం పెరిగితే నగలు పెరుగుతాయి.

అదే చల్లనీరు అడుగున పేరుకున్న ఎరువును కూడా పైకి తెస్తుంది. దానితో నాచు, నాచుతో చిన్నచేప, చిన్నచేప వెంట పెద్దచేప. చదువుకోవచ్చినవాణ్ణి వణికించిన గాలే వలవాడికి పంట పండిస్తుంది.

నోటఁ గొట్టముంచి: గొట్టము ఉంచి అని కొందరు, గొట్టం ముంచి అని కొందరు. రెండూ జరుగుతాయి కనుక తగవు లేదు. ఈ గొట్టం చివర ఉన్న యంత్రం 1943లో ఫ్రాన్స్‌లో జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు కుదిర్చినది. పీలిస్తే ఇస్తుంది, మానితే ఆపుతుంది. ఇచ్చేటప్పుడు చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిసమానంగా ఇస్తుంది. ఆ తూకం లేకపోతే నిలువు లోతున ఛాతీ విచ్చుకోవడమే గగనం.

‘నోట’ అని విధించడం చేత ముక్కు నిషిద్ధమని తెలుసుకోవాలి. కళ్ళనూ ముక్కునూ కప్పే అద్దం లోపల అది ఖైదు. శిష్యుణ్ణి ముందు లోతు తక్కువ చోట ఇసుక మీద మోకాళ్ళపై నిలబెడతారు. గురువు తన అద్దం అడుగు అంచును వేలితో కొంచెం ఎత్తి చూపిస్తాడు: ఇప్పుడు నువ్వు. ఎత్తగానే నీళ్ళు చల్లగా చెక్కిళ్ళ మీదికి, అక్కణ్ణుంచి ముక్కుపుటాల దాకా వస్తాయి. నోట్లో కావలసినంత గాలి ఉంది. అయినా ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ ముక్కు తానూ ఒక గుక్క లాగబోతుంది. అక్కడే సగంమంది పైకి తన్నుకుంటారు. మిగిలినవాళ్ళు అద్దం పైఅంచును రెండు వేళ్ళతో నొక్కి, గడ్డం ఎత్తి, ముక్కుతో బలంగా చీదుతారు. గాలి పైకి చేరి నీటిని అడుగునుంచి గెంటేస్తుంది. మొదటిసారి సగం నీళ్ళు మిగులుతాయి. ఆ సగం నీళ్ళలోంచి గురువు ముఖం వంకరగా, మహా ఓపికగా కనపడుతుంది.

నోరారఁ బీల్చుచు: అతిశయోక్తి. అది తేమ తీసేసిన గాలి, పైగా రబ్బరు వాసన. అరగంటకు నాలుక పిడచగట్టుకుపోతుంది.

మునుఁగు బాటసారి: నీళ్ళలో మాట లేదు. అక్కడ ధ్వని గాలిలో కంటే నాలుగింతల వేగంతో వస్తుంది, ఎటునుంచి వచ్చిందో చెవికి పట్టుబడదు. ఎర్రరంగు అయిదు మీటర్లకే మాసిపోవడం మొదలవుతుంది. చేయి తెగితే నెత్తురు ఆకుపచ్చగా కనపడుతుంది. అందుచేత అక్కడి వ్యవహారమంతా హస్తాభినయం. అభినయదర్పణం చెప్పిన 28 అసంయుత హస్తాల్లో నాలుగు వస్తే చాలు. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపిన హంసాస్యం ‘బాగున్నాను’. ఛాతీకి ఆనించిన ముష్టి ‘గాలి తక్కువగా ఉంది’. గొంతుకు అడ్డంగా కోసిన పతాకం ‘గాలి అయిపోయింది’. పిడికిలి మీద బొటనవేలు నిలిపిన శిఖర హస్తం దగ్గర మాత్రం జాగ్రత్త. మన ఫోన్లలో అది ‘భేష్’. నీళ్ళలో ‘పైకి పోదాం పద’. గురువు బాగున్నావా అని అడిగితే మురిసిపోయి శిఖరం పట్టిన శిష్యుణ్ణి, ఏదో ముంచుకొచ్చిందనుకుని ఆయన పైకి తీసుకుపోతాడు. మొదటి రోజు ఇది ఎవరో ఒకరికి తప్పదు.

మునిగినవాడికి కనిపించేదేమిటి? మెదడు మడతల పగడాలు, రాతి సందులోంచి నోరు తెరిచి మూసే పాము లాంటి ఈల్, ఒళ్ళంతా చారలూ ముళ్ళూ విప్పార్చుకుని కదలకుండా నిలబడ్డ లయన్‌ఫిష్. ఈ చివరిది మనవైపు జీవి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలు దాని పుట్టిల్లు. 1985లో ఫ్లోరిడా దగ్గర మొదట కనపడింది, అక్వేరియంలలోంచి వదిలేసినదే అంటారు. 2010 నాటికి కొలంబియా తీరం కూడా దానిదైపోయింది. అక్కడ దాన్ని తినేవాడు అరుదు, అది తిననిది అరుదు. వీసా లేకుండా వచ్చి తిష్ఠ వేసిన బాటసారి కూడా ఈ పదానికి అర్థం కాగలడని ఒక వ్యాఖ్య.

మూయకూర్పు: మూయకు, ఊర్పు. ఊపిరి బిగబట్టకు. పద్యంలో ప్రాణం ఇక్కడుంది. మిగతా మూడు పాదాలూ ఈ రెండు మాటలకు వాకిలి.

యోగశాస్త్రానికీ ఈ శాస్త్రానికీ విరోధం కూడా ఇక్కడే. పూరకం ఉంది, రేచకం ఉంది, కుంభకం లేదు. ప్రాణాయామం చేసిన అలవాటుంది కనక నాకిది సులువని వచ్చే మనవాళ్ళకు ముందు చెప్పేది అదే: ఆ ఒక్క విద్య ఒడ్డున వదిలి రండి. కారణం రాబర్ట్ బాయిల్ 1662లోనే చెప్పి పెట్టాడు. ఒత్తిడి రెట్టింపైతే గాలి పరిమాణం సగమవుతుంది. పది మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. అక్కడ గుండెల నిండా పీల్చి, నోరు బిగించి పైకి వస్తే, ఆ గాలి రెట్టింపవుతుంది. ఊపిరితిత్తులు రెట్టింపు కావు. చిరిగిన చోటునుంచి బుడగలు నెత్తురులోకి పోతాయి.

మరి తగాంగ కుర్రాళ్ళు ఒక్క గుక్కతో మునిగి వల చూసి వస్తారు గదా, వాళ్ళకేం కాదే అని శంక. వాళ్ళు పట్టుకెళ్ళింది ఒడ్డున పీల్చిన గాలి. లోపల అది కుంచించుకుంటుంది, పైకొచ్చాక మళ్ళీ మొదటంతే అవుతుంది. అడుగున కొత్త గాలి పీల్చినవాడికే ప్రమాదం. కనక కుంభకం సొంత గాలి వాడికి చెల్లుతుంది, అద్దె గాలి వాడికి చెల్లదు.

ఇంకొక విశేషం. బరువు సరిగ్గా కుదిరినవాడు కాళ్ళూ చేతులూ ఆడించకుండా, ఊపిరి పీలిస్తే జానెడు లేస్తాడు, వదిలితే జానెడు దిగుతాడు. కొత్తవాడు భయంతో గబగబా పీలుస్తూ లేస్తూ పడుతూ ఉంటాడు. వాడి సిలిండరు అందరికంటే ముందు ఖాళీ అవుతుంది, వాడి కోసం జట్టంతా పైకి రావలసి వస్తుంది. పడవలో ఎవరూ ఏమీ అనరు.

ఛందస్సు

ఆటవెలది. నాలుగో గణం మొదట యతి. పైకి వచ్చే దారిలోనూ యతి ఉంది: నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేచి, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. పద్యంలో తప్పితే పండితుడు అరుస్తాడు. ఇక్కడ తొందరపడితే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్ళు అరుస్తాయి.

పూర్వపక్షం

ఇది వలవారిది. తగాంగలో పాత విద్య చించోర్రో. మన తీరంలో అలివి వల, పెద్దవల అనేదానికి వరసకు తోబుట్టువు. కొండల మధ్య చిన్న చిన్న కోవల్లో వల దింపి, సూర, పార జాతుల గుంపు వచ్చిందాకా ఎదురుచూసి, ఒడ్డున నిలబడి తాళ్ళు లాగుతారు. వెనక్కి వాలి, మడమలు ఇసుకలో తన్నిపెట్టి, తాడు కొస వాడు కొస వదిలి మళ్ళీ నీటి అంచుకు వచ్చి పట్టుకుంటాడు. ఏ కోవ ఏ రోజు ఎవరిదన్నది చీటీలు తీసి వంతులు పంచుకునే ఆనవాయితీ ఉంది. ఎవరి వంతు వారిది. ఆ రోజు చేప రాకపోతే ఎవరితో చెప్పుకునేదీ లేదు.

వారి ఆక్షేపణ సబబైనది. మేం పొద్దుటినుంచి అరవకుండా కూర్చుంటే మీ మోటారు పడవ కోవ ముందునుంచి పోతుంది, చేప బెదురుతుంది. సముద్రం మీకు చూసే వస్తువు, మాకు పని. దీనికి సిద్ధాంతం చెప్పవలసిన బాధ్యత టీకాకారుడి మీద ఉంది గాని, ఈయన పూర్వపక్షం వైపే మొగ్గుతున్నాడు. ఒక్క మాట మాత్రం: స్వేచ్ఛ కోసం ఇల్లు వదిలిన బాటసారి వచ్చి పడ్డది నియమాల పుట్టలో. పైన చీటీల వరస, కింద మీటర్ల లెక్క. వాడు అది గ్రహించి నోరు మూసుకుని పాటిస్తున్నాడు. వాళ్ళ నాన్న చూస్తే నమ్మడు.

తాత్పర్యం

ఓ బాటసారీ, డబ్బు కట్టావు, ఊపిరి తీసుకో.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని తెలిసి ఆచరించినవాడు, 200 మీటర్లు ఈది, పది నిమిషాలు తేలి, నాలుగుసార్లు సముద్రంలో మునిగి, రాతపరీక్ష గట్టెక్కితే, 1966లో అమెరికాలో పుట్టిన పాడీ అనే సంస్థ (పాడిపంటలతో సంబంధం లేదు) పేరుతో ఒక కార్డు పొందును. దానితో 18 మీటర్ల లోతు దాకా తోడుతో దిగవచ్చు. ఒంటరిగా కాదు.

ఫలం చేతికొచ్చాక ఒక నిషేధం. వరసగా మునిగినవాడు కనీసం 18 గంటలు విమానం ఎక్కరాదు. ఎత్తులకూ పోరాదు. సంచీవాళ్ళందరూ తగాంగ తరవాత పరుగెత్తేది మింకా అనే కాఫీ తోటల ఊరికి; అది ఆరువందల మీటర్ల పైన ఉంది, కనక ఆగాలి. సముద్రానికి నలభై కిలోమీటర్ల చిల్లర దూరంలోనే 5,700 మీటర్లు లేచిన సియర్రా నెవాడా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊరికే కూర్చోలేనివాడు బస్సెక్కి శాంతా మార్తాలో సాన్ పెద్రో అలెహాండ్రినో అనే పాత చెరకుతోట బంగళా చూసి రావచ్చు. స్పెయిన్ పాలన నుంచి ఈ దేశాన్ని విడిపించిన సిమోన్ బొలీవార్ 1830 డిసెంబరు 17న అక్కడ పోయాడు. యూరప్ వెళ్ళిపోదామని బయల్దేరి, ఓడ ఎక్కకుండానే ఆగిపోయినవాడాయన. ఆ బంగళా ఊరి మైదానంలోనే ఉంది కాబట్టి శాస్త్రం అడ్డు చెప్పదు. టికెట్టు కొనాలి.