సీటుకు తలుపెందుకు?

ఇప్పుడు విమానంలో బిజినెస్ క్లాసు సీటుకు తలుపు పెడుతున్నారు. తలుపంటే తలుపే. పక్కకు జరిపి మూసుకుంటే మనిషి లోపల, లోకం బయట. ఎకానమీకి మూడు నాలుగు రెట్లు ధర పోసి పిల్లలు ప్రేమగా ఆ టికెట్లు పంపుతారు, కాదనలేం. కానీ రాత్రంతా సాగే ప్రయాణంలో మనిషిని మనిషికి కనబడకుండా చేసి, అదే సుఖమని అమ్మడం నాకు మింగుడు పడటం లేదు.

మా రోజుల్లో విమానమెక్కితే ఒక రాత్రికి సరిపడా చుట్టరికం దొరికేది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించి 1972లో నేను ఇంగ్లండుకు బయలుదేరాను. అప్పట్లో మన ఎం.బి.బి.ఎస్. పట్టాను బ్రిటన్ నేరుగా గుర్తించేది, 1975లో ఆ గుర్తింపు తీసేశారు. హైదరాబాదు దాకా ఒక రైలు, బొంబాయికి ఇంకో రైలు, అక్కడ శాంతాక్రజ్‌లో విమానం. రిజర్వు బ్యాంకు తీసుకెళ్లనిచ్చింది మూడు పౌండ్లు. విమానంలో ఎవరిని కదిపినా వాళ్ల దగ్గరా దాదాపు అంతే. అందరి బెంగా ఒకటే కాబట్టి మాటలు ఇట్టే కలిసేవి. నా పక్కన సౌత్‌హాల్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళుతున్న పంజాబీ పెద్దాయన. నాకు హిందీ అంతంతమాత్రం, ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా లండన్ చేరేలోపు వాళ్ల కోడలి కాన్పు కబుర్లతో సహా నాకన్నీ తెలిశాయి. నా సంచిలోని పులిహోర ఆయన తిన్నాడు, ఆయన తెచ్చిన పిన్నీ లడ్డూలు నేను తిన్నాను.

అప్పటి విమానాలు ఒక్క బిగిన లండన్ చేరేవీ కావు. బీరూటో, రోమో, జెనీవానో, దారిలో ఎక్కడో ఒకచోట దిగేవి. అర్ధరాత్రి నిద్రకళ్లతో అందరం ట్రాన్సిట్ హాల్లో అటూ ఇటూ తిరిగేవాళ్లం. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా మధ్యమధ్య లేచి నడవండని ఇవాళ మేం ప్రతి పేషెంటుకూ చెబుతున్నాం. అప్పుడది ఎవరూ చెప్పకుండానే జరిగిపోయేది.

పాతదంతా బంగారమని నేననను. వెనక వరుసల్లో కూర్చుని సిగరెట్లు కాల్చేవాళ్లు. గాలి అందరికీ ఒకటే కదా, చంటిపిల్లలు కూడా ఆ పొగే పీల్చేవాళ్లు. తొంభైల్లో దాన్ని మాన్పించారు, ఎంత మెచ్చుకున్నా చాలదు.

బిజినెస్ క్లాసు అనేది మేం వెళ్లిన కొత్తలో లేదు. ముందు ఫస్ట్ క్లాసు, వెనక అందరూ. ఆఫీసు పనిమీద పూర్తి ధర పెట్టి ఎకానమీ కొన్నవాళ్లు, చవక టికెట్ల వాళ్ల పక్కనే కూర్చోవాలా అని అడగడంతో, 1978, 79 ప్రాంతాల్లో పాన్‌యామ్, క్వాంటాస్ వంటి కంపెనీలు వాళ్లకోసం విడిగా ఒక భాగం కేటాయించాయి. నేను మొదటిసారి ఆ భాగాన్ని వేరుచేసే తెరకు ముందువైపు కూర్చున్నది ఎనభైల్లో, ఒక వైద్య సదస్సుకు వెళుతూ. సీటు కొంచెం వెడల్పు, కొంచెం ఎక్కువ వాలేది, అంతే. పక్కన మాత్రం మనిషి ఉండేవాడు. ఆ రాత్రి నా పక్కన ఘనా నుంచి వచ్చిన పిల్లల డాక్టరు. మలేరియా మెదడుకెక్కి ఫిట్స్ వచ్చే పిల్లలను సూదులు, సెలైన్లు చాలినన్ని లేని ఆస్పత్రిలో ఎలా బతికించుకుంటున్నాడో తెల్లవారేదాకా చెప్పాడు. సదస్సులో పెద్దపెద్దవాళ్లు చేసిన ప్రసంగాలు నాకు ఒక్కటీ గుర్తులేవు. ఆయన చెప్పింది తర్వాత మన ఏజెన్సీ పిల్లల వైద్యంలో నాకు అక్కరకొచ్చింది.

2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులో పూర్తిగా పడకయ్యే సీటు తెచ్చింది. డాక్టరుగా దానికి నా ఓటు వేస్తాను. మోకాళ్లు అరిగినవాళ్లకు, వెన్ను ఆపరేషన్ అయినవాళ్లకు, పాదాలు పొంగేవాళ్లకు పద్నాలుగు గంటలు కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం శిక్ష. డ్రీమ్‌లైనర్ విమానాలొచ్చాక లోపలి గాలి ఒత్తిడి కూడా మెరుగైంది. పాత విమానాల్లో 8,000 అడుగుల కొండమీద కూర్చున్నంత పలచగా ఉండే గాలి, వీటిలో 6,000 అడుగుల దగ్గర ఆగుతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు ఆ తేడా చిన్నది కాదు. ఇంతవరకు చేసిందంతా మంచిదే. ఇక్కడ ఆగి ఉంటే నాకు ఏ పేచీ లేదు.

ఆగలేదు. మంచం తర్వాత గోడ, గోడ తర్వాత తలుపు. 2017 నుంచి ఖతార్, డెల్టా కంపెనీలు తలుపులు పెట్టాయి, ఇప్పుడు ఒకరిని చూసి ఒకరు అదే బాట. మేం ఆస్పత్రిలో ఏళ్ల తరబడి చూసిందే ఇదీ. ప్రైవేటు గదిలోని పేషెంటు బెల్లు కొట్టి నర్సు కోసం ఎదురుచూస్తూ పడుకుంటాడు. జనరల్ వార్డులో పక్క మంచంవాళ్లు నీళ్లందిస్తారు, జ్వరం పెరిగితే నర్సుకంటే ముందు వాళ్లే కేకేస్తారు.

నా మాట అతిశయోక్తి అనుకునేవాళ్లకు ఒక సంగతి చెబుతాను. ఈమధ్య డల్లాస్ వెళుతూ, వాళ్లిచ్చిన బిరడాలు చెవుల్లో పెట్టుకుని, తలుపు మూసుకుని పడుకున్నాను. పొద్దున కాఫీ తెచ్చిన అమ్మాయి మాటల్లో చెప్పింది, రాత్రి వెనకవైపు ఒకాయనకు ఛాతీలో నొప్పి వస్తే డాక్టరెవరైనా ఉన్నారా అని మైకులో అడిగారట. ఎకానమీలో ఉన్న ఒక కుర్ర డాక్టరు వెళ్లి చూశాడట. నేలమీది డాక్టర్లతో రేడియోలో మాట్లాడి మందులిచ్చారు, ఆయన కోలుకున్నాడు. ఆ పిలుపు నాకు వినపడనే లేదు. నలభై ఏళ్లు గుండె జబ్బులు చూసిన మనిషిని అదే విమానంలో ఉన్నాను. తెర ఒక్కటే ఉన్న రోజుల్లో అయితే ఆ అలికిడికే లేచేదాన్ని. ఇలాంటి అవసరంలో కూడా మనిషికి మనిషి అందకుండా చేసే సుఖం ఎవరికి కావాలి?

కిటికీల సంగతీ చెప్పాలి. డ్రీమ్‌లైనర్ కిటికీ పెద్దది, కానీ దానికి మూత ఉండదు. మీట నొక్కితే అద్దమే నల్లబడుతుంది, ఆ మీటను మన చేతిలో లేకుండా చేసే వీలు సిబ్బందికి ఉంది. అందరికీ రాత్రి కావాలని వాళ్లనుకుంటే, బయట పట్టపగలైనా మనకు రాత్రే. పాత విమానంలో మూత పైకి తోస్తే గల్ఫ్ మీదుగా వెళ్లేటప్పుడు చీకట్లో చమురు బావుల మంటలు కనిపించేవి. కొత్తగా పనికి వెళుతున్న కుర్రాళ్లు ఒకరి భుజం మీదుగా ఒకరు వంగి చూసేవాళ్లు. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని సీటు ముందున్న తెరమీద విమానం బొమ్మ ఎక్కడుందో చూసుకోవాలి.

తిండి సంగతీ అంతే. తెల్లవారుజామున మూడు నాలుగింటికి హైదరాబాదులో ఎక్కగానే తెల్ల గుడ్డ పరిచి నాలుగు రకాలు వడ్డిస్తారు. ఆ వేళప్పుడు ఏ కడుపూ అడగదు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లది. ఒక గిన్నెడు పెరుగన్నం ఉందా అంటే ఉండదు.

అసలు బాధ వెనకవైపు ఉంది. బోయింగ్ 777లో ఒకప్పుడు వరుసకు తొమ్మిది సీట్లుండేవి, ఇప్పుడు చాలా కంపెనీలు పది ఇరికించాయి. ముందు ఒక్కో మనిషికి గదంత చోటు ఇస్తూ వెనక భుజాలు కూడా ఆనించుకోలేనట్టు చేశారు. ఆ వెనక సీట్లలో ఎవరున్నారు? కూతురి పురిటికి వెళుతున్న మన తల్లులు. చాలామందికి అదే తొలి ప్రయాణం. వెనకటికి, దిగబోయే ముందు అమెరికా వాళ్లిచ్చే ఐ-94 తెల్లకార్డు నింపడానికి వాళ్లంతా నా సీటు దగ్గరికి వచ్చేవాళ్లు. పాస్‌పోర్టులు నా ఒళ్లో పెట్టి, నింపేలోపు బీపీ మాత్రల గురించి అడిగేవాళ్లు. 2013లో విమానాల్లో ఆ కార్డు పోయింది. అవసరాలు పోలేదు.

మొన్న కాళ్లు సాగదీద్దామని తెర దాటి వెనక్కి వెళ్లాను. టాయిలెట్ దగ్గర ఒకావిడ నిలబడిపోయి ఉంది. "ఇది గుంజినా వస్తలేదమ్మా, ఎట్ల తెరుస్తరు?" అంది. కరీంనగర్ ఆవిడ. మధ్యలో నొక్కితే మడతపడే తలుపని ఆవిడకు ఎవరు చెప్పారు? చాలాసేపటి నుంచి ఓర్చుకుని ఉందట, మంచినీళ్లు తాగడం కూడా మానేసిందట. ఎవరినైనా అడగాల్సింది కదమ్మా అంటే, వాళ్లకు తెలుగు రాదని చెప్పింది. చేయి పట్టి తీసుకొచ్చి సీట్లో కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి తాగించాను. దిగాక ఇంకో విమానం ఏ గేటు దగ్గర ఎక్కాలో కాగితం మీద రాసిచ్చాను. ఇంతలో ఒక అమ్మాయి వచ్చి, మేడమ్, మీరు మీ క్యాబిన్‌కు వెళ్లాలి అంది. నేను డాక్టర్ని, ఈవిడతో పని అయ్యాక వెళతాను అని చెప్పి అక్కడే ఉన్నాను.

హైదరాబాదు నుంచి ఎగిరే విమానంలో తెలుగు మాట్లాడేవాళ్లు ఒక్కరైనా లేకుండా పంపడం ఏమిటి? నేనెక్కిన చాలా విమానాల్లో పరిస్థితి అదే. షాంపేన్ రకాలు చెప్పడానికి మనిషి ఉంటాడు, టాయిలెట్ తలుపు ఎలా తెరవాలో చెప్పడానికి ఉండడు. ముందున్న ఆ తలుపులకు పెట్టే ఖర్చులో కొంచెం తీసి వెనక మన భాష వచ్చిన ఒక పిల్లనో పిల్లాడినో పెట్టండి. వచ్చే ప్రయాణానికి ఆ ఏర్పాటున్న కంపెనీలోనే టికెట్ తీయమని మా అబ్బాయికి చెప్పేశాను, మంచం ఉన్నా సరే, లేకపోయినా సరే.