లాడ్జి బోర్డుకు నిద్రాహారిణీ వ్యాఖ్య

బెల్లంపల్లిలో ఒక రాత్రి బస చేయదలచినవారికి ప్రమాణగ్రంథం ఒక్కటే. అది లాడ్జి కౌంటరు వెనక గోడకు, లక్ష్మీదేవి పటానికి కాస్త కిందుగా వేలాడే బోర్డు. కాజీపేట–బల్లార్షా లైను మీది ఊళ్లలో ఏ చిన్న లాడ్జి మెట్లెక్కినా పాఠం దాదాపు ఒకటే.

మూలం: “గదులు 24 గంటల ప్రాతిపదికన ఇవ్వబడును. ఒరిజినల్ ఆధార్ లేనిదే గది ఇవ్వబడదు. లోకల్ వారికి గదులు ఇవ్వబడవు. విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు. 24 గంటలు వేడినీళ్లు కలవు. ఇట్లు, యాజమాన్యం.”

వ్యాఖ్యాతలందరికీ గురుస్థానంలో ఉన్నవాడు కోలాచల మల్లినాథసూరి. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని చెబుతారు. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, నైషధానికి జీవాతువు రాశాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి మరీ రాశాడు. ఈ నిద్రాహారిణి ఆ రెండు ప్రతిజ్ఞల్లో మొదటిదాన్ని పాటిస్తుంది.

శాస్త్రగ్రంథానికి అనుబంధ చతుష్టయం చెప్పాలి. ఇక్కడ విషయం గది, ప్రయోజనం నిద్ర, సంబంధం అద్దె. నాలుగోది అధికారి, అంటే గ్రంథానికి అర్హుడెవడన్న సంగతి. అది మూడో వాక్యం దగ్గర వస్తుంది, అక్కడే తగువు కూడా. ప్రతిపదార్థం సులభం కనుక వదిలేయడమైనది.

మొదటి వాక్యం. ఇరవైనాలుగు గంటలంటే అరవై గడియలు, ఎనిమిది జాములు. ఇంతవరకు అందరిదీ ఒకే మాట. ఆ అరవై గడియలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నదే చిక్కు. పంచాంగకర్తకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అందుకే తెల్లవారుజామున మూడింటికి పుట్టిన పిల్లకు తాతయ్య ఒక వారం చెబుతాడు, ఆసుపత్రి కాగితం ఇంకో వారం చెబుతుంది. ఆర్యభటుడికి ఈ రెండు పద్ధతులూ తెలుసు. 499 నాటి ఆర్యభటీయంలో పొద్దు పొడుపు నుంచి లెక్కించాడు, వేరే గ్రంథంలో నడిరేయి నుంచి లెక్కించాడు. ఆయన్ను 628లో దుమ్మెత్తిపోసిన బ్రహ్మగుప్తుడే 665లో ఖండఖాద్యకం రాస్తూ ఆ నడిరేయి లెక్కనే తెచ్చి వాడుకున్నాడు. పండితుల తిట్లకు ఆయుష్షు అంతే. ముస్లింలకు రోజు పొద్దుగూకడంతో మొదలు, నెలవంక కనబడిన సాయంత్రమే కొత్త నెల ఒకటో తారీకు. ఇటలీలోనూ పద్దెనిమిదో శతాబ్దం దాకా సాయంత్రం నుంచే గంటలు లెక్కపెట్టేవారు. గంటస్తంభం ఇరవైమూడు కొట్టిందంటే చీకటి పడటానికి ఇంకో గంట ఉందన్నమాట. ఎంత పొద్దు పోయిందో కాక ఎంత పొద్దు మిగిలిందో చెప్పే గడియారం అది. బాటసారికి అంతకన్నా పనికొచ్చేది వేరే లేదు. దాన్ని ఎందుకు మానుకున్నారో గానీ మానుకున్నారు.

ఖగోళ శాస్త్రజ్ఞుల దారి వేరు. వారికి రోజు మిట్టమధ్యాహ్నం మొదలయ్యేది. రాత్రంతా నక్షత్రాలను చూస్తూ రాసుకునేవాడికి నడిమధ్య తారీకు మారిపోతే ఇబ్బంది, ఒక రాత్రి పని ఒకే తారీకు కింద ఉండాలి. 1925 జనవరి 1 నుంచి వారూ అర్ధరాత్రికి ఒప్పుకున్నారు గానీ, జూలియన్ దినసంఖ్య మాత్రం నేటికీ మధ్యాహ్నం పన్నెండింటికే మారుతుంది. పన్నెండింటికి చెక్ అవుట్ పెట్టే హోటళ్లన్నీ తమకు తెలియకుండానే ఈ సంప్రదాయానికి వారసులు. నక్షత్రాలు చూసేవాడికి పెట్టిన వేళను పక్క దులిపేవాడికి వర్తింపజేయడం అతివ్యాప్తి దోషం. ఇక బెల్లంపల్లికి పై అన్నిటికీ మించిన సొంత రోజు ఒకటి ఉండేది, గని రోజు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు, ఎనిమిదేసి గంటల మూడు ముక్కలు. రాత్రి షిఫ్టు దిగి, ఒంటికంటిన బొగ్గు కడుక్కుని, వీధంతా బడులకూ బజారుకూ బయలుదేరే వేళ పడుకునే కార్మికుడికి నిన్న అప్పుడే అయిపోయేది. ఏకాదశి ఎప్పుడన్న దానిమీద స్మార్తులకూ వైష్ణవులకూ ఒప్పందం కుదరని దేశంలో, ఈ ఊరు మాత్రం సైరన్‌తో ఆ వివాదం తేల్చేసుకుంది.

ఇక ప్రకృతం. మూలంలోని “24 గంటలు” పైవాటిలో ఏ ఒక్కటీ కాదు. అది అతిథి కౌంటరు దగ్గర నిలబడిన క్షణం నుంచి మొదలవుతుంది. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో భాగ్యనగర్ ఎక్కినవాడు బెల్లంపల్లిలో దిగేసరికి రాత్రి. వాడికి ఒక్క అద్దెకు మర్నాడు రాత్రి దాకా గది. ఇంత న్యాయమైన లెక్క దొరలకు కూడా తోచలేదు. ఇటలీలో ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న ట్రెంటో నగరాన్ని చూడండి. అక్కడ ఒక మామూలు హోటల్లో గది రెండింటికో మూడింటికో ఇస్తారు, మర్నాడు పదికో పదకొండుకో ఖాళీ చేయమంటారు. రోజు డబ్బు తీసుకుని ఇచ్చేది ఇరవై గంటలే. పైగా ఇటలీలో చాలా ఊళ్లలో బస చేసినందుకు మనిషికి, రాత్రికి ఇంత అని ఊరి పన్ను. ఆ ట్రెంటోలోనే 1545 నుంచి 1563 దాకా విడతలు విడతలుగా కాథలిక్ మహాసభ జరిగింది. 1547లో జ్వరాలు ప్రబలి సభ బొలోన్యాకు తరలిపోయింది. బిషప్పులు గదులు ఎన్నింటికి ఖాళీ చేశారన్నది ఈ వ్యాఖ్యకు అప్రస్తుతం.

విచారించాల్సిందేమంటే, పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, పెద్ద హోటళ్లను చూసి చిన్న లాడ్జీలు కూడా ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండింటి లెక్కకు మారుతున్నాయి. బోర్డు పాతదే, దానిమీద 24 గంటలే ఉంటుంది. పదకొండున్నరకు మాత్రం తలుపు మీద దబదబా చప్పుడు: “సార్, కంటిన్యూ చేస్తరా, కాలీ చేస్తరా?” రాత్రి పదింటికి వచ్చినవాడు మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాటితే రెండో రోజు కిరాయి కట్టాలి. అడిగితే సమాధానం, “బోర్డు పాతది సార్.” మూలానికీ ఆచారానికీ విరోధం వచ్చినప్పుడు ఏది బలీయమన్న ప్రశ్నకు మీమాంసకులు సంపుటాలు రాశారు. కౌంటరు మీది కుర్రవాడు మూడు మాటల్లో తేల్చేశాడు.

రెండో వాక్యం, ఆధార్. గుర్తింపు పత్రం అడగటం తప్పు కాదు. ఇటలీలో 1931 నాటి పోలీసు చట్టం 109వ అధికరణం ప్రకారం పత్రం చూపనివాడికి హోటల్లో గది ఇవ్వకూడదు, వచ్చినవాడి వివరాలు పోలీసులకు పంపాలి. అడిగే తీరుతోనే పేచీ. ఓటరు కార్డు చూపితే కుదరదు, డ్రైవింగ్ లైసెన్సు చూపితే పక్కకు పెడతారు. ఈ విషయంలో శ్రుతి ఏమందో చూడాలి. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన చేసింది. లైసెన్సు లేని హోటళ్లు, సినిమా హాళ్లు ఆధార్ కాపీలు తీసుకోవడం, దాచుకోవడం కుదరదనీ, చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్డ్ ఆధార్ ఇవ్వాలనీ అందులో ఉంది. రెండు రోజులు తిరిగేసరికి, జనం అపార్థం చేసుకుంటారేమోనని కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. శ్రుతి పుట్టింది, రెండు రోజులు బతికింది, స్మృతిలో కలిసింది. జిరాక్స్ రోజుల్లో కాగితం కనీసం ఫైల్లో ఉండేది. ఇప్పుడు కుర్రవాడు తన సొంత ఫోన్ తీసి కార్డుకు అటూ ఇటూ ఫొటో కొట్టుకుంటాడు. వాడు ఉద్యోగం మానేస్తే ఫోన్ వాడితోనే పోతుంది, పన్నెండు అంకెలూ దానితోనే పోతాయి. యాజమాన్యం దేనికి బాధ్యత వహించదో నాలుగో వాక్యం చెబుతుంది గానీ, ఆ జాబితాలో ఇది లేదు.

మూడో వాక్యం ప్రక్షిప్తం. మూలం ఎర్ర పెయింటుతో రాసింది, ఈ వాక్యం మాత్రం తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి సెల్లో టేపుతో అంటించింది. టేపు అంచులు పసుపెక్కి పైకి లేచాయి. “ఇవ్వబడవు”లోని బకారం కింద పాత పెయింటు అక్షరం ఒకటి తొంగిచూస్తుంది. ఇవ్వనిది ఎవరో వాక్యంలో లేదు. కర్తను దాచే ఈ కర్మణి ప్రయోగం తాలూకా కచేరీల నుంచి లాడ్జీకి దిగివచ్చిన దర్జా. రెండు పంకాలు, నాలుగు బకెట్లు ఉన్న చోట ఆజ్ఞ మాత్రం సర్కారు ఫర్మానా లాగా ఉంటుంది.

ఇక్కడే అధికారి నిర్ణయం. ఊరి ఆధార్ ఉన్నవాడు అనర్హుడు. కారణం రాయరు, మొహంలో చూపిస్తారు. ఊళ్లో ఇల్లుండగా లాడ్జీకెందుకు, పేకాటకో తాగుడుకో అయి ఉంటుందని భావం. ఈ వ్యాప్తికి బెల్లంపల్లిలోనే బాధకం ఉంది. సింగరేణి క్వార్టర్ కొలువు ఉన్నన్నాళ్లే. రిటైరైతే ఖాళీ చేసి తాళంచెవి అప్పజెప్పాలి. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, కుటుంబాలు మంచిర్యాలకో కరీంనగర్‌కో హైదరాబాద్‌కో కదిలాయి. ఆ క్వార్టర్‌లో పుట్టి పెరిగిన కొడుకు యాభై ఏళ్ల వయసులో దోస్తు బిడ్డ పెళ్లికని వస్తాడు. ఆధార్ మీద ఇంకా పాత క్వార్టర్ నంబరే.

“లోకల్ అడ్రస్ ఉన్నది సార్, రూమియ్యరాదు.”

“మాకిప్పుడు ఈడ ఇల్లు లేదు తమ్మీ.”

“ఆధార్ల ఉన్నది గద సార్.”

ఇంటికి సాక్ష్యంగా కార్డు ఉంటే చాలు, ఇల్లుండనక్కరలేదు. పుట్టిన ఊళ్లో మనిషికి చోటు లేకుండా చేయడానికి స్కెచ్ పెన్ను ఒకటి సరిపోయింది. దీనికి ఏ అలంకారశాస్త్రమూ పేరు పెట్టలేదు, పెట్టినా వాడి పెట్టె స్టేషన్ బెంచీ మీదే ఉంటుంది.

ఒంటరిగా వచ్చిన ఆడమనిషి సంగతి కాగితం మీద కూడా ఉండదు, అది మౌఖిక సంప్రదాయం. “మేడం, ఫ్యామిలీ ఎనక వస్తున్నరా?” అని అడుగుతారు. లేదంటే గదులన్నీ నిండిపోతాయి, తాళంచెవులు మేకులకు వేలాడుతూనే ఉంటాయి. పరీక్ష రాయడానికి వచ్చిన పిల్ల కావచ్చు, ఆసుపత్రిలో తండ్రిని చేర్పించి వచ్చిన కూతురు కావచ్చు. ఒంటరి స్త్రీకి గది ఇవ్వకూడదన్న చట్టం ఈ దేశంలో లేదు. అయినా ఆ రాత్రి ఆమె వెయిటింగ్ హాల్లో సంచి చేతికి చుట్టుకుని కూర్చోవాలి.

నాలుగో వాక్యానికి టీక సుప్రీంకోర్టే రాసింది. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో 1998లో సిబ్బంది చేతికి తాళమిచ్చిన కారు పోయింది. పార్కింగ్ చీటీ మీద బాధ్యత కారు యజమానిదేనని అచ్చు వేసి ఉంది. చేతికి తీసుకున్న వస్తువును జాగ్రత్తగా చూడాల్సిన బాధ్యతను చీటీ మీది అచ్చు చెరిపేయలేదని 2019 నవంబరులో కోర్టు తేల్చింది. బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు.

అయిదో వాక్యం అర్థవాదం. వేదవాక్యాల్లో విధి, నిషేధం పోగా స్తోత్రంగా చెప్పినవి కొన్ని ఉంటాయి. వాటిని అక్షరార్థంలో తీసుకోరాదని మీమాంసకుల మాట. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, అదీ వరండా చివరి గీజర్ దగ్గర బకెట్ పట్టుకుని నిలబడితే. అయితే మే నెలలో వ్యాఖ్య మారుతుంది. ఎండ నలభై అయిదు డిగ్రీలు ముట్టే రోజుల్లో డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు చన్నీళ్ల కొళాయిలోనూ కాలుతూ వస్తాయి, రాత్రి తొమ్మిదికి కూడా. బోర్డు మొత్తంలో అక్షరాలా నిజమైన వాక్యం అప్పుడు ఇదొక్కటే.

“ఇట్లు, యాజమాన్యం” అన్నచోట మూలం ముగుస్తుంది. అద్దె ఎంతో ఎక్కడా లేదు. బ్రిటిష్ ఇండియాలో 1867లోనే సరాయిల చట్టం వచ్చింది. నడిపేవాడు గదులు, వసారాలు, బావులు శుభ్రంగా ఉంచాలనీ, కావలివాణ్ని పెట్టాలనీ, ధరల పట్టిక కనబడేలా పెట్టాలనీ అందులో ఉంది. బెల్లంపల్లి అప్పుడు నిజాం ఇలాకా, ఆ చట్టం ఇటు రాలేదు. తరువాత వచ్చినవాటిలో పన్ను ఒకటి. వెయ్యి రూపాయల లోపు గదికి జీఎస్టీ మినహాయింపు ఉండేది. 2022 జులై 18 నుంచి 12 శాతం వేశారు, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. కౌంటరు దగ్గర ఈ అంకెలకన్నా ముందు వినబడే ప్రశ్న, “బిల్లు కావాల్నా సార్?” కావాలంటే ఒక ధర, వద్దంటే ఒక ధర. రాత్రి వేళ, పెళ్లిళ్ల ముహూర్తాల్లో, శివరాత్రికి బుగ్గ జాతర జనం దిగినప్పుడు ఇంకో ధర. కాబట్టి బయలుదేరే ముందే ఫోన్ చేసి అద్దె ఎంత, పన్ను కలిపేనా, ఏసీయా కూలరా, ఏ ఊరి ఆధార్‌కు గది ఇస్తారు అన్నవి అడిగి, చెప్పినవాడి పేరు రాసుకోవడం ఉత్తమం.

మిగిలింది రిజిస్టరు. అడ్డంగా పొడవైన అట్ట పుస్తకం, పెన్నుకు దారం కట్టి ఉంటుంది. పేరు, తండ్రి పేరు, ఎక్కడినుంచి, ఎక్కడికి, వచ్చిన పని అన్న గడులన్నీ కుర్రవాడు వేలు పెట్టి చూపిస్తూ నింపిస్తాడు. వచ్చిన టైము అన్న గడి మీదికి మాత్రం వాడి వేలు రాదు. పై పేజీలన్నిటిలోనూ అది ఖాళీగానే ఉంటుంది. ఇరవైనాలుగు గంటల వివాదం మర్నాడు ఆ గడి దగ్గరే తేలాలి కనుక, అడగకపోయినా దాన్ని నింపి, అదే టైము రసీదు మీద కూడా రాయించుకుని, సంతకం పెట్టించుకున్నాకే తాళంచెవి తీసుకోవాలి.