పొమ్మనలేక పొగ

హైదరాబాదు గల్లీల్లో దోమల నివారణ అంటే ఒక ఊరేగింపు. దీపాలు పెట్టే వేళకు, భుజానికి గొట్టం తగిలించుకున్న మనిషో, మూడు చక్రాల బండో డబడబమంటూ వస్తుంది. దాని వెనక తెల్లటి పొగ, పొగ వెనక కేరింతలు కొడుతూ పిల్లలు, పిల్లల వెనక వాళ్ల రెక్క పట్టి లాక్కెళ్లే తల్లులు. బాల్కనీల్లో ఫోన్లు పైకి లేస్తాయి. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది. "ఫాగింగ్ చేయించిన అన్నకు ధన్యవాదాలు" అని ఒకరు మొదలుపెడితే దాని కింద దండాలు వరుస కడతాయి. ఇక ఇంట్లోవాళ్లకు మిగిలిన పని ఒకటే. పొగ లోపలికి రాకుండా తలుపులూ కిటికీలూ బిగించుకోవడం.

డెంగీ దోమ ఉండేది ఆ తలుపుల లోపలే. మంచం కింద, కర్టెన్ మడతల్లో, చిలక్కొయ్యకు వేలాడే ప్యాంట్ల చాటున అది హాయిగా కునుకు తీస్తుంటుంది. ఫాగింగ్ మందు పనిచేయాలంటే ఆ తుంపర ఎగిరే దోమ ఒంటికి తగలాలి. మందు వీధిలో ఊరేగుతుంది, దోమ ఇంట్లో విశ్రాంతి తీసుకుంటుంది, రెండూ ఎదురుపడకుండా మధ్యలో తలుపేసి మనం కాపలా కాస్తాం. పైగా ఈ దోమ పగటి ఉద్యోగి. పొద్దున బడికెళ్లే పిల్లల పిక్కలు ఒకసారి, పొద్దుగూకే ముందు మరోసారి చూసుకుని డ్యూటీ దిగిపోతుంది. బండి వచ్చేది ఆ తర్వాత. పొమ్మనలేక పొగబెట్టడం మన పెద్దలకు తెలిసిన విద్యే కానీ, వాళ్లు కనీసం చుట్టం ఉన్న గదిలో పెట్టేవాళ్లు.

ఆ పొగలో ఏముందో కూడా చూద్దాం. మలాథియాన్ వాడితే ఒక లీటరు మందుకు పందొమ్మిది లీటర్ల డీజిల్ పాళ్లు. అంటే కళ్లకు నిండుగా కనబడే ఆ తెల్లదనంలో అత్యధిక భాగం బంకులో దొరికే సరుకే. అదంతా గాలికి చెదిరిపోవడానికి అరగంట చాలు. నీళ్లలో ఉన్న పిల్లపురుగులకు దాని వాసన కూడా సోకదు. అవి వారం పది రోజుల్లో రెక్కలు తొడుక్కుని బయటికొస్తాయి, అప్పుడు మనం మళ్లీ ఫోన్ చేసి "బండి రాలేదేంటి సార్" అని గదమాయిస్తాం.

ఈ తంతు ఇంకెక్కడ జరిగినా పోనీలే అనుకోవచ్చు. నల్లకుంటలో జరగడమే చిత్రం. జనం కోరంటి దవాఖాన అనీ, ఫీవర్ హాస్పిటల్ అనీ పిలిచే ఆసుపత్రి అక్కడే ఉంది. దాని అసలు పేరులో ఉన్నది సర్ రొనాల్డ్ రాస్. ఆ ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే ఒక దోమ పొట్ట కోసి మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. ఆ దోమలకు రక్తం పెట్టిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. మనం ఇప్పుడు ఊరికే కుట్టించుకుని, ఎదురు పన్ను కూడా కడుతున్నాం. ప్రయోగం జరిగిన బేగంపేట బంగళా ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినమైంది. ఆ రోజు బొమ్మకు దండ వేస్తాం, ప్రసంగిస్తాం, టీ తాగి ఇంటికి పోతాం.

అదే 1902లో రాస్ ఇంకో పని చేశాడు. దండ వేసేవాళ్లెవరూ దాని ఊసెత్తరు. సూయజ్ కాలువ కంపెనీ పిలిస్తే ఈజిప్టులోని ఇస్మాయిలియాకు వెళ్లాడు. చుట్టూ ఎడారి, ఊరంతా మలేరియా జ్వరం. వాన మొహం చూడని చోట దోమలెక్కడివి? తాగడానికీ తోటలకూ నైలు నది నీళ్లను కాలువ తవ్వి మనుషులే తెచ్చుకున్నారు, ఆ నీళ్ల వెంట దోమలొచ్చాయి. రాస్ చెప్పిన వైద్యం వినడానికి మహా చప్పగా ఉంటుంది. మడుగులు పూడ్చండి, నిలిచిన నీళ్లు పారించండి, ఇళ్ల కింద మురుగు గుంటల్లో నూనె పోయండి, కొద్దిమంది మనుషుల్ని పెట్టి వారం వారం ఇంటింటికీ తిప్పండి. కొన్నేళ్లలోనే ఊళ్లో మలేరియా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ వైద్యంలో పొగ లేదు, బ్యాండు మేళం లేదు, ఫొటోకు పనికొచ్చే ఘట్టం ఒక్కటీ లేదు. అందుకే అది మన ఊరికి నచ్చలేదు.

ఇస్మాయిలియా పాఠాన్ని మనం ఎంత బాగా మరిచిపోయామో ప్రతి ఏప్రిల్‌లో తెలుస్తుంది. "ఈ ఎండకు మనుషులే మాడిపోతుంటే దోమలు బతుకుతాయా" అనే శాస్త్రవేత్తలు ప్రతి అపార్టుమెంటులోనూ ఉంటారు. ఎండ నిజంగా దోమల్ని చంపేదైతే, జెద్దాలో 1994లో డెంగీ బయటపడేది కాదు. మన హైదరాబాదువాళ్లు ఎంతోమంది పనిచేసే ఆ ఊళ్లో ఏడాదికి నాలుగు చినుకులు పడితే గొప్ప. అదే 1994లో మన థార్ ఎడారి జిల్లాల్లో మలేరియా విరుచుకుపడేదీ కాదు. ఎడారిలో దోమకు మేఘమే రావాలని లేదు, మనం మూత పెట్టని ట్యాంకు చాలు.

తార్నాకలో మేలో నలభై దాటాక మనం చేసే పని కూడా ఎడారి సృష్టించి అందులో ఒయాసిస్సు కట్టడమే. దాన్ని కూలర్ అంటాం. నీడ, చల్లదనం, శుభ్రమైన నిలవ నీరు, పక్కనే నిద్రపోతున్న మనిషి కాళ్లు. ఏ దోమైనా ఇంతకంటే ఏం కోరుకుంటుంది? సాయంత్రం బకెట్టెడు నీళ్లు పోస్తాం, మర్నాడు ఇంకో బకెట్టు పోస్తాం. పాత నీళ్లు పారబొయ్యం, ఎందుకంటే నీళ్లు వృథా చేయకూడదని మనకు చిన్నప్పుడు నేర్పారు. వానలు పడగానే కూలర్‌ను అటక మీదకో మేడ మీదకో ఎక్కిస్తాం. నీటి గీత పైన లోపలి గోడకు అంటించిన గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి చావవు. వచ్చే వేసవిలో మొదటి బకెట్టు పోసిన రోజే వాటికి పుట్టినరోజు. దోమ విత్తనాలను అంత భద్రంగా దాచి మళ్లీ మనమే నీళ్లు పోస్తున్నాం, ఇంకా మన మీద దానికి కృతజ్ఞత లేదంటే ఎలా?

నల్లకుంటలో మొదలై విద్యానగర్, ఉస్మానియా క్యాంపస్ మీదుగా తార్నాక దాటి హబ్సిగూడ దాకా పోతే దారిలో జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలు తగులుతాయి. దేశంలో ఇంత కొద్ది దూరంలో ఇంత విజ్ఞానం కుప్పపోసిన దారులు ఎక్కువ ఉండవు. అదే దారిలో సాయంత్రం పూట ఎంఎస్సీలూ పీహెచ్‌డీలూ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పొగబండి వెళ్లిపోయేదాకా భక్తిగా నిలబడతారు. హాస్టలు వెనక పడేసిన కొబ్బరి బొండాం వైపు, టీకొట్టు పక్కన నీళ్లు నిండిన పాత టైరు వైపు ఎవరి చూపూ పోదు. ఈ దోమ పుట్టిన చోటి నుంచి సాధారణంగా వంద రెండొందల మీటర్లు దాటి పోదు. మీ కాలు కుట్టినది పక్క నియోజకవర్గం నుంచి రాలేదు సార్, మీదో మీ పక్కింటివాళ్లదో.

ప్రభుత్వాలు ప్రయత్నించలేదని అనను. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో దోమలపై దండయాత్ర ప్రకటించారు, ర్యాలీలు తీశారు, ప్రతిజ్ఞలు చేయించారు. ప్రతిజ్ఞ దోమలు కూడా విన్నాయేమో, అవి మాత్రం తమ మాట తప్పలేదు. తెలంగాణలో 2020లో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లో నిలవ నీళ్లు పారబోయమన్నారు. ఇన్నేళ్లలో నేను విన్న పిలుపుల్లో కాస్త బుద్ధున్నది అదే. కొన్ని ఆదివారాలు నాయకులు పూలకుండీలు వంచి ఫొటోలు దిగారు. ఆ తర్వాత కుండీలు మళ్లీ నిండాయి. ఇక శుక్రవారం డ్రై డే అని వైద్యశాఖ ప్రకటిస్తే మా ఊళ్లో సగం మంది వైన్‌షాపు బందేమోనని గురువారమే జాగ్రత్తపడ్డారు.

ఒక మాట ఒప్పుకోవాలి. తప్పంతా కూలర్లదీ కాదు, ఇళ్లవాళ్లదీ కాదు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తే బస్తీలో డ్రమ్ము నింపుకోకుండా ఎలా బతుకుతారు? డ్రమ్ము పెట్టుకున్నందుకు వాళ్లను తిట్టే హక్కు మంచినీళ్లు సరిగా ఇవ్వనివాళ్లకు లేదు. హుస్సేన్‌సాగర్ నుంచి నల్లకుంట, గోల్నాక మీదుగా మూసీలోకి పోయే నాలాలో రాత్రిళ్లు కుట్టే క్యూలెక్స్ దోమ పుట్టలు పుట్టలుగా పెరుగుతుంది. దాన్ని ఏ గృహిణీ చీపురుతో ఊడ్చలేదు. నాలా పూడిక తీయడం, అది పారేలా చూడడం అక్షరాలా ప్రభుత్వం పని. కానీ పూడిక తీస్తే బురద కనిపిస్తుంది, కంపు కొడుతుంది, కాంట్రాక్టరుతో గొడవ. పొగ వదిలితే పని జరిగినట్టు కనిపిస్తుంది. ఓటరుకూ అదే కావాలి.

ఫాగింగ్‌కూ ఒక వేళ ఉంది. ఒక ఇంట్లో డెంగీ తేలినప్పుడు ఆ ఇంటి లోపల, చుట్టుపక్కల ఇళ్లలో అప్పటికే ఎగురుతున్న దోమలను వెంటనే తగ్గించడానికి వాడే అత్యవసర మందు అది. దాన్ని పండగ ఊరేగింపుగా మార్చింది మన చప్పట్లే. అది పనిచేయక జ్వరం వస్తే తర్వాతి ఘట్టానికి బొప్పాయి ఆకు రసం సిద్ధంగానే ఉంటుంది.

అందుకే కాలనీ సంఘం మీటింగులో ఈసారి పొగబండి ఎప్పుడొస్తుందని అడగకండి. నల్లా రోజూ ఎందుకు రాదని, నాలా పూడిక ఎప్పుడు తీస్తారని అడగండి. పక్కింటివాళ్లను సంపు మూత గురించి అడగండి. ఇవన్నీ అడగడానికి వెళ్లే ముందు మీ కూలర్ ఒకసారి వంచి, లోపలి గోడలు పీచు పెట్టి గట్టిగా తోమండి.